ఎగువ పల్లెలు, దిగువ నగరము



సుస్థిరాభివృద్ధికి 1987లో బ్రంట్లండ్ సంఘమొసగిన నిర్వచనము మీకు కంఠస్థమే గనుక, దాని వ్యాఖ్యానమున కాలము పుచ్చక, ఆ భావము హైదరాబాదు నగరమున ఎట్లు ఆచరణకు వచ్చెనో, ఎచ్చట సడలెనో విన్నవింపదలచితిని.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్న పిమ్మట, నిజాము ప్రభుత్వపు పిలుపు నందుకొని వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, ఆ యుపద్రవమునకు కారణమును నగరములోనే వెదకక, ఎగువ పరీవాహక ప్రాంతమున చెరువుకట్టలు వరుసగా తెగి ప్రవాహమును ఇనుమడింపజేసిన తీరును పరిశీలించి, వరదను ఊరికి పైననే నిలుపవలెనని నిశ్చయించిరి. తత్ఫలితముగా మూసీపై 1920లో ఉస్మాన్ సాగరమును, ఈసీపై 1927లో హిమాయత్ సాగరమును వెలసినవి. వరదను ఆపుటకై తలపెట్టిన ఆ జలాశయములే తరతరముల పౌరులకు త్రాగునీరును ప్రసాదించినవి. ఒక్క నిర్మాణమున రెండు ప్రయోజనములను సాధించిన ఆ దూరదృష్టినే నేను ప్రణాళిక యందును.

1996లో వెలువడిన 111వ ఉత్తరువు, ఈ జంటజలాశయముల చుట్టు పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కాలుష్యకారక పరిశ్రమలను, భారీ కట్టడములను నిషేధించెను. 2000లో సర్వోన్నత న్యాయస్థానము ఆ పరిధిలో ఒక పరిశ్రమకు మినహాయింపును నిరాకరించెను. అట్టి రక్షణను 2022లో మరియొక ఉత్తరువు, కొన్ని షరతులతో, సడలించెను. కృష్ణా గోదావరీ జలములు వచ్చుచుండగా గండిపేట యనబడు ఉస్మాన్ సాగరపు నీటితో పనియేమి యని కొందరందురు. దూరమునుండి విద్యుచ్ఛక్తితో ఎత్తిపోసి తెచ్చు నీరు దాహమును తీర్చునేమో గాని, ఎగువన కురిసిన వానను నిలుపజాలదు. 2020 అక్టోబరులో కట్టలు తెగి బస్తీలు మునిగిన కష్టమును మరచితిమా?

అయినను ఆ 84 గ్రామముల రైతుల మొరను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. నగరము సుఖముగా నీరు త్రాగుటకై, వారు తమ భూములకు పొరుగూళ్ళలో పలుకు ధరను నష్టపోయిరి. ఆ త్యాగమునకు మూల్యమును నగరము చెల్లింపలేదు. నిషేధము నిలువక పోవుటకు నాకు తోచిన మూలకారణ మిదియే. ప్రతిఫలము లేని ఆంక్ష ఎన్నటికైనను ఒత్తిడికి లొంగును; ఒక కలము వ్రాసినదానిని వేరొక కలము కొట్టివేయగలదు.

రాజ్యాంగపు 74వ సవరణము నగరప్రణాళికను పురపాలికలకు ఉద్దేశించిన పదునెనిమిది విషయములలో మొదటిదిగా నిలిపినది. 243జెడ్ఈ అధికరణము ప్రకారము మహానగర ప్రణాళికా సంఘమున కనీసము మూడింట రెండు వంతుల సభ్యులు, పురపాలికల సభ్యులును పంచాయతీల అధ్యక్షులును తమలోనుండి ఎన్నుకొనువారై యుండవలెను. అనగా ఎగువ పల్లెయు దిగువ నగరమును ఒకే బల్లయొద్ద కూర్చుండుటకు చట్టమే చోటు కల్పించినది. ఆ సంఘమును సజీవము గావించి, నగరమున వసూలగు అభివృద్ధి రుసుములలో నిర్ణీత భాగమును ఎగువ గ్రామములకు ఏటేట చెల్లించి, పరీవాహక రక్షణను శాసనసభ చేసిన చట్టముగా మార్చవలెను. చెరువుల పూర్తి మట్టమును, నాలాల హద్దులను గుర్తించిన పటమును లేఅవుట్ల అనుమతికి ముందే ప్రకటింపవలెను. ఈ మేరకు తీర్మానముయొక్క ముసాయిదాను నేటి సాయంకాలపు గోష్ఠి సిద్ధపరుపవలసినదిగా కోరుచు, తొలి పత్రసమర్పకులను వేదికకు ఆహ్వానించుచున్నాను.