ఉగాదినాటి పిల్లల పంక్తి

(ఉగాది సాయంకాలమున మన సంఘ కుటుంబముల సమావేశమునందు చేసిన ప్రసంగము)



ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయుట మన పెద్దల ఆచారము. ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు వినుటకు మనకందఱకును కుతూహలమే. అధ్యక్షులవారు మమ్ము మాటలాడుమని కోరినప్పుడు, గ్రహముల సంగతి పండితులకు విడిచి గృహముల సంగతి చెప్పెదమని ఒప్పుకొంటిమి. పిల్లలు పలువురున్న యింట వసంతకాల మెట్లు గడచునో, ఆ గడచుటలో మన తెలుగు ఎట్లు నిలిచినదో, ఎట్లు జారిపోవుచున్నదో, మా యింట మేము చూచినంతవఱకు మీకు మనవి చేయుదుము.

మా బాల్యము తిరుత్తణిలో గడచినది. తాత, అవ్వ, పెద్దనాయన, మా నాయన, చిన్నాయన, వారి సంసారములు, అన్నియు ఒక్క కప్పు క్రిందనే. పిల్లలము పదునొకండుగురము. పంక్తిలో కూర్చున్నప్పుడు వడ్డించు చేతికి తన బిడ్డ, తోడికోడలి బిడ్డ యను భేదము లేదు. ఆకు ఖాళీగా నున్నదా లేదా యన్నదే చూపు.

ఆ దినములలో 1960వ సంవత్సరపు వసంతము మాకు మఱపురానిది. శార్వరి నామ సంవత్సరాది మార్చి 28వ తేదీన వచ్చినది. అప్పటికి తిరుత్తణి ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాలోనిది. పాటస్కర్ గారి మధ్యవర్తిత్వము ననుసరించి 1959లో చట్టమైన సరిహద్దుల మార్పు ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చెను. తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది. చెంగల్పట్టు జిల్లా గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఆ యేడు మేము ఉగాది పచ్చడి ఒక రాష్ట్రమున తిని, శ్రీరామనవమి పానకము మఱియొక రాష్ట్రమున త్రాగితిమి. ఇల్లు కదలలేదు, పెరటి వేపచెట్టు కదలలేదు. మగవారు తిన్నెమీద కూర్చుండి గంటలకొలది తర్కించుచుండిరి. అవ్వ మాత్రము, "పిల్లకాయలు మాట మరవకుంటే చాలు నాయనా" అని లోపలికి పోయెను. తిరువళ్ళూరిలోని మా బంధువులు అంతకుముందునుండియు మద్రాసు రాష్ట్రములోనివారే. వారి యిండ్లలో తెలుగు చెక్కుచెదరక యుండుట చూచి ఆమె ధైర్యము తెచ్చుకొన్నది.

ఆ తిరువళ్ళూరితోనే మా ఉగాది మొదలయ్యెడిది. ఉగాదికి ముందునాడు కొత్త అమావాస్య. ప్రతి అమావాస్యకు యాత్రికులు వీరరాఘవస్వామి సన్నిధికి వచ్చి, హృత్తాపనాశిని పుష్కరిణిలో స్నానమాడి, బెల్లమును నీటిలో కరగింతురు గదా! మా యింటివారును ఆ దినమున పిల్లల నందఱను రైలెక్కించుకొని పోయి, సాయంకాలమునకు తిరిగివచ్చెడివారు. నీటిలో కరగిపోవు బెల్లమును చూచి, రేపటి పచ్చడికి బెల్లము మిగులదేమోయని బిగ్గరగా ఏడ్చిన చిన్నవాడు మాలో నొకడుండెను. పేరు చెప్పము, ఆయన ఈ సభలోనే యున్నారు.

ఇంటికి చేరినంతనే వేపపూత పని. పాతచీర నొకదానిని చెట్టుక్రింద పఱచి నాలుగు మూలల రాళ్ళు పెట్టుట పెద్దపిల్లల వంతు. తెల్లవారుసరికి రాలిన పూతను తెచ్చి అవ్వ ముందు గ్రుమ్మరించిన, ఆమె చేటలో పోసి చెరుగును. కాడలు, ఆకులు ఏరుట నడిమివారి పని. నలుసు నూదుట మూడేండ్లవాని పని. పని లేనివాడు ఒక్కడును లేడు. మంచి పూత కొంత పచ్చడికి పోగా, మిగిలినది ఆరబెట్టి జాడీలో దాచి సంవత్సరమంతయు వేపపూత చారునకు వాడెడివారు. తమిళుల సంవత్సరాది ఏప్రిల్ నడుమ వచ్చును. వారును మామిడికాయ, బెల్లము, వేపపూత చేర్చి పచ్చడి చేయుదురు గనుక, మా జాడీలోని పూత పొరుగింటికి పోయెడిది. వారి పెరటి మామిడికాయ మా యింటికి వచ్చెడిది.

ఈ యొక్క గంట పనిలో ఎన్ని మాటలున్నవో గమనింపుడు. పూత, రేకు, కాడ, నలుసు, పొల్లు. చెరుగుట, ఏరుట, ఊదుట, జల్లించుట, ఆరబెట్టుట. మామిడికాయ తఱుగు చోటికి పోయిన పిందె, జీడి, టెంక, పీచు, దోరకాయ, పండు. పచ్చడి నాలుకకు తగిలిన తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు. వీనిలో ఉప్పు తమిళమునను ఉప్పే, కారము కారమే, పులుపు వారికి పుళిప్పు. చేదు మాత్రము కసప్పు. ఇవి తోబుట్టువుల భాషలని మాకు ఏ పండితుడును చెప్పలేదు. పచ్చడి గిన్నెయే చెప్పినది.

పండుగ మరునాడో, ఆ వారములోనో సుబ్రహ్మణ్యస్వామి కొండ యెక్కుట వాడుక. సంవత్సరమునకు దినము లెన్నియో ఆ కొండకు మెట్లన్ని: 365. మా తాత ఒక నియమము పెట్టెను. ప్రతి పిల్లవాడును మెట్లు తెలుగున లెక్కింపవలెను. తప్పినవాడు పది మెట్లు దిగి మరల ఎక్కవలెను. డెబ్బదితొమ్మిది తరువాత ఎనుబది యనక తడబడి దిగినవారే మాలో ఎక్కువ. నేడు మన పిల్లలు తెలుగున ఇరువది దాటి లెక్కపెట్టగలరా? ఇంటికి పోయి అడిగి చూడుడు.

మాకు ఎవ్వరును కూర్చుండబెట్టి తెలుగు చెప్పలేదు. పనితో మాట వచ్చినది. పెద్దపిల్ల తన తరువాతివానికి చెప్పినది. వాడు తన తరువాతిదానికి చెప్పెను. పదునొకండుగురు పిల్లలున్న యింట ఉపాధ్యాయులు పదిమంది యుందురు. ఇదియే ఆ యింటి రహస్యము.

ఇప్పుడు కాలము మారినది. ఇంటికి ఒకరో ఇద్దరో బిడ్డలు. కొడుకులు కోడండ్రు చెన్నైలో ఉద్యోగములు చేయుచు, పండుగకు ఎలక్ట్రిక్ రైలులో వచ్చి, మరునాడే పోవుదురు. మాకు మనుమలు, మనుమరాండ్రు కలసి ఎనమండుగురు. ఉగాదికి అందఱును ఒక్క పంక్తిలో కూర్చున్నప్పుడు మా కన్నులు చల్లబడును. చెవులు మాత్రము వేఱు సంగతి వినును. మాతో తెలుగే మాటలాడుదురు. తమలో తాము తమిళము, నడుమ నడుమ ఇంగ్లీషు. పిల్లలు పెద్దలతో మాటలాడు భాష నిన్నటిది. పిల్లలు పిల్లలతో మాటలాడునదియే రేపటి యింటిభాష.

నాలుగేండ్ల క్రిందటి ఉగాదినాడు జరిగిన సంగతి యొకటి చెప్పుదుము. మా తాత ప్రారంభించిన జననముల పుస్తక మొకటి మా యింట కలదు. ఇంట బిడ్డ పుట్టినప్పుడెల్ల సంవత్సరము, మాసము, తిథి, వారము, నక్షత్రము, పెట్టిన పేరు తెలుగున వ్రాయుదుము. తాత తరువాత నాయన, నాయన తరువాత మేము. ఆనాడు దానిని పూజకు తీసినప్పుడు, మూడవ తరగతి చదువుచున్న మనుమడు వచ్చి, "తాతా, ఇందులో నా పేరు ఉండాదా?" అని అడిగెను. ఉన్నదని చెప్పి, పుట తీసి, వాని వ్రేలు పట్టుకొని వాని పేరుమీద పెట్టితిమి. వాడు చాలసేపు చూచి, "కనపడలేదే తాతా" అనెను.

వ్రేలు పేరుమీదనే యున్నది. అప్పటి ఏడుగురిలో ఒక్కరును ఆ పుట చదువలేకపోయిరి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎవరిని నిందింపవలెను? బడినా? 2006వ సంవత్సరపు చట్టముచే తమిళము 1వ తరగతినుండి క్రమక్రమముగ నిర్బంధ పాఠ్యాంశమైనది. తమిళము మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. మనము అన్నము తిను నేల భాష అది. అది వచ్చుటచేత తెలుగు పోలేదు. ఇంట నేర్పవలసిన భారము మాది; మేము మోయలేదు. అంతేకాదు. పెద్ద మనుమరాలిని బడిలో చేర్చినప్పుడు దరఖాస్తులో మాతృభాష యను గడిని, ఎందుకు వచ్చిన చిక్కని, మేమే ఖాళీగా విడచితిమి. ఆ ఖాళీ గడియే ఈ పుటవఱకు వచ్చినది.

మరునాటినుండి ఒక యేర్పాటు చేసితిమి. వేసవి సెలవులలో పిల్లల నందఱను మా యింటికి పిలిపించితిమి. సాయంకాలము ఒక గంట. అ, ఆలతో మొదలుపెట్టలేదు. పళ్ళెములో బియ్యము పఱచి, ఎవరి పేరు వారిచే వ్రాయించితిమి. తన పేరు వచ్చినవాడు తన చెల్లెలి పేరు నేర్చుకొనవలెను. చెల్లెలు అన్న పేరు. ఏడు పేర్లు ముగియుసరికి అక్షరములు సగము వచ్చినవి. తరువాత అవ్వ పేరు, ఊరి పేరు, జాడీలమీద చీటీలు. మధ్యాహ్నము ఆవకాయ ముక్కలు తుడుచునప్పుడు తెలుగు మాటయే యను నియమము. జూన్ మాసమున బడులు తెఱచుసరికి ఐదుగురు ఆ పుస్తకము కూడబలుకుకొని చదివిరి. ఒకడు సగమే నేర్చెను. చిన్నది బియ్యములో బొమ్మలు గీసినది, ఆమెకు కాలమున్నది.

మరు వసంతమున మా చిన్నకూతురికి బిడ్డ కలిగినప్పుడు, పుస్తకమున ఆ జననమును వ్రాసినది మేము కాము. పేరు కనపడలేదన్న ఆ మనుమడే. నక్షత్రము పేరులో ఒక ఒత్తు విడచెను. మేము దిద్దలేదు. వాడే తరువాత చూచుకొని దిద్దుకొన్నాడు.

సోదరులారా! 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయములు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకు చెప్పుచున్నది. ఆ హక్కును అడుగుట సంఘము పని, అడుగుచునే యుందుము. కాని అడుగుటకు బిడ్డలు కావలెను గదా! మాతృభాష గడి ఖాళీగా నున్న దరఖాస్తులు పట్టుకొని, మాకు తెలుగు పంతులు కావలెనని యెవరి నడుగగలము? 1888లో ఈ తిరుత్తణిలో తెలుగింట పుట్టి, 1962లో రాష్ట్రపతియైన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని పేరు మనము సభలలో గర్వముతో చెప్పుకొందుము. ఆ పేరును తెలుగున వ్రాయగల బిడ్డ మన యింట నుండుట అంతకన్న ముఖ్యము.

కావున మూడు మనవులు. మొదటిది: బడి దరఖాస్తులోను, జనాభా లెక్కలవారు వచ్చినప్పుడును, మాతృభాష తెలుగని తప్పక వ్రాయింపుడు. రెండవది: ఒక్క బిడ్డ యున్న యింటివారు ఆ బిడ్డను ఒంటరిగా నుంచక, ఈ వేసవిలో పదిమంది పిల్లలున్న తెలుగింటికి పంపుడు, పదిమంది యున్నవారు తలుపు తెఱచి యుంచుడు. తిరువళ్ళూరిలోను తిరుత్తణిలోను మన యిండ్ల కింకను తిన్నెలున్నవి. మూడవది: ఇంట జననముల పుస్తకము లేనివారు నేడే ఒక నోటుపుస్తకము కొని, అవ్వ పేరుతో మొదలుపెట్టుడు, వ్రాయువారు పిల్లలై యుండవలెను.

పచ్చడి గిన్నె పంక్తికి వచ్చుచున్నది. చిరంజీవులారా, చేదని ముఖము త్రిప్పకుడు. నాలుకమీద పెట్టుకొని, ఆరు రుచుల పేర్లు తెలుగున చెప్పినవారికే పోళీ వడ్డింపబడునని అమ్మలు చెప్పుచున్నారు. ఈ సంవత్సరము మీకందఱకు శుభము కలుగుగాక! సెలవు.