పోపులో పడిన సేమ్యా

నర్సీపట్నంలో బస్సు తప్పిపోయి, వానలో తడిసి, చీకటి పడ్డాక రోలుగుంట చేరిన మనిషికి అన్నం, కూర, చారు వండుకునే ఓపిక ఎక్కడిది? అలాంటి రాత్రి ఆదుకునేది సేమ్యా ప్యాకెట్టే.

ఇటలీవాళ్లకు ఇలాంటి పూటకు స్పగెట్టీ ఉంది. ఉడికించి, ఆలివ్ నూనెలో వేగిన వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపితే భోజనం సిద్ధం. మన సేమ్యా దానికి దగ్గర చుట్టమే: రెండూ గోధుమ ముద్దను సన్నని రంధ్రాల గుండా వత్తి ఆరబెట్టినవే. 1980ల్లో హైదరాబాద్‌లో మొదలైన బాంబినో, ఎన్నో తెలుగు ఇళ్లలో సేమ్యాకు మారుపేరైంది.

గుట్టంతా వేయించడంలోనే ఉంది. కాస్త నేతిలో ఎర్రగా వేగితే కమ్మని వాసన వస్తుంది. పోగులకు నెయ్యి పట్టి, ఉడికాక ఒకదానికొకటి అంటుకోవు. ఆవాలు, మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, కప్పు సేమ్యాకు కప్పున్నర నుంచి రెండు కప్పుల నీళ్లు పోయాలి. నీళ్లు తెర్లాకే సేమ్యా వేయాలి. తొందరపడితే ముద్దే! పొయ్యి కట్టేసి నిమ్మకాయ పిండితే, పావుగంటలో పళ్లెం పొగలు కక్కుతుంది. ఆ మొదటి ముద్దతోనే ఒళ్లు వెచ్చబడుతుంది.

పిల్లలు తీపి అడిగితే పాయసం ఉండనే ఉంది. బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి సొంత జిల్లాయే కదా. అయితే మరిగే పాలలో బెల్లం వేస్తే విరిగిపోతాయి. గిన్నె దించి, కాస్త చల్లారాక కలుపుకోవాలి.