ఇవ్వడానికి మనసెందుకు రాదు?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు నా గురించే మాట్లాడదలిచాను. పదిహేనేళ్లుగా గృహహింసకు గురైన స్త్రీలను కలుస్తూ, వాళ్లు వాడే మాటల్ని రాసుకుంటూ వచ్చాను. 2005 చట్టం 'ఆర్థిక హింస' అంటుంది. మన ఆడవాళ్లు 'చేతిలో పైసా ఆడనివ్వడు' అంటారు. నిరుడు కొందరు యువతులు వచ్చి, కౌన్సెలింగ్ కేంద్రాల కోసం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నామనీ, నా మాటల పట్టిక అందులో చేరుస్తామనీ అడిగారు. "ఇంకా పూర్తికాలేదమ్మా" అన్నాను. అది అబద్ధం. ఇవ్వడానికి మనసు రాలేదు.

మొదటి కారణం భయం. గతంలో ఒక సంస్థ నా ప్రశ్నావళిని నా పేరు లేకుండా అచ్చువేసుకుంది. అయితే ఓపెన్ సోర్స్ అంటే హక్కులన్నీ వదులుకోవడం కాదని తర్వాత తెలిసింది. 1989 నాటి జిపిఎల్, 2002లో వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు కాపీరైటు మీదే నిలబడ్డాయి. రచయిత పేరు చెప్పాలనీ, మార్చి పంచేవాళ్లు అవే షరతులతో పంచాలనీ మనం నియమం పెట్టుకోవచ్చు.

రెండోది ఉచిత శ్రమ. మన చాకిరీని ఇంట్లో 'ప్రేమ' అంటారు, సంఘంలో 'సేవ' అంటారు. ఇక్కడ 'పంచుకోవడం' అంటున్నారు. 2011 వికీమీడియా సర్వేలో వికీపీడియా రాసేవారిలో స్త్రీలు పదోవంతు కూడా లేరు. దీన్ని ఆసక్తి లేకపోవడం అనుకుంటే వంటింటిని మరిచినట్టే. తీరిక కూడా ఆస్తే.

మూడోది అసలు ప్రశ్న. ఆ మాటలు నావేనా? తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలతో 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మీద స్త్రీశక్తి సంఘటన పేరుంది. సమష్టిగా పోగైనదాన్ని సమష్టి పేరుతోనే ఇచ్చారు. నేను మాత్రం బీరువాకు తాళం వేసుకున్నాను.

చివరకు పట్టిక ఇచ్చాను. పేరు చెప్పాలన్న షరతు పెట్టాను. కొత్త మాటలు సేకరించే కార్యకర్తలకు గౌరవ వేతనం ఇవ్వాలని అడిగాను. టేపులు మాత్రం ఇవ్వలేదు. క్రియేటివ్ కామన్స్ కింద ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోలేం. నన్ను నమ్మి మాట్లాడినామె గొంతు రేపు ఆమె భర్త చెవిన పడితే? ఆమెను అడక్కుండా ఇచ్చే హక్కు నాకు లేదు.

నా పేరు పోతుందన్న భయం, ఆమెకు ముప్పు వస్తుందన్న భయం ఒకటి కావు. ఇన్నాళ్లూ రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని దాచుకున్నాను. మీరూ మీ ఫైళ్లు ఒకసారి తీసి చూడండి. వాటిలో ఎవరి కోసం దాచినవెన్ని?