గ్యాస్ గోలీ, పసుపు కొమ్ము



కడుపులో మంట, పులితేన్పులు అంటే మన నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ దిక్కు ఇప్పుడు చెయ్యి గ్యాస్ గోలీ మీదికే పోతుంది. ఆ గోలీల చరిత్రలో తెలుగువాళ్ల వాటా ఉంది. కల్లం అంజిరెడ్డి పెట్టిన డాక్టర్ రెడ్డీస్ 1991లో, కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్‌ను ఒమెజ్ పేరుతో తెచ్చింది.

మన చేన్లలో పండే పసుపు ఆ గోలీతో పోటీ పడిందంటే నమ్ముతారా? థాయ్‌లాండ్ వైద్యులు అజీర్తితో బాధపడే 206 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు పసుపులోని కర్క్యుమిన్, ఒక జట్టుకు ఒమెప్రజోల్, ఇంకో జట్టుకు రెండూ ఇచ్చారు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. 28 రోజులకూ 56 రోజులకూ మూడు జట్లలోనూ బాధ దాదాపు ఒకేలా తగ్గింది.

సంబరపడేముందు లెక్క చూడండి. వాళ్లిచ్చింది రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్. పసుపులో అది నూటికి సుమారు మూడు పాళ్లే. అంటే రోజూ 60 గ్రాములకు పైగా పొడి మింగాలి. కూరలో వేసే చిటికెడు ఏ మూలకు? పైగా వాళ్లు చూసింది బాధ తగ్గిందా అనే గానీ, కడుపులో ఆమ్లం తగ్గిందా అని కాదు. ఉత్తుత్తి మాత్ర మాత్రమే ఇచ్చిన జట్టూ లేదు.

చెట్టుమందే కదా, ఏం కాదులే అనే మాట వింటే నాకు భయం. 1946లో రెవెర్స్ అనే డచ్చి వైద్యుడు అతిమధురం వేరుతో కడుపులో పుండ్లు మానుతున్నాయని రాశాడు. కొందరికి ఒళ్లు వాచిందనీ రాశాడు. తర్వాత అదే వేరు నుంచి కార్బెనాక్సొలోన్ అనే మందు పుట్టింది. అదీ ఒంట్లో ఉప్పు, నీరు నిలిపి, పొటాషియం తగ్గించి, బీపీ పెంచేది. 1976లో ఆమ్లం తగ్గించే సిమెటిడిన్ అనే మందు వచ్చాక దాని రోజులు తగ్గాయి.

ఇక మన పంట సంగతి. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మార్కెట్ యార్డులో కొమ్ము విరిచి, రంగు చూసి ధర కట్టొచ్చు. మందుకు కంటిచూపు చాలదు. రకాన్ని బట్టి, నేలను బట్టి కర్క్యుమిన్ మారుతుంది. ఏ ఊరి పంటలో ఎంతుందో కొలిచే పని కెమిస్ట్రీ, బోటనీ చదివి ఇవాళ పట్టాలందుకుంటున్న మీకు దండిగా ఉంది.

రేపటి నుంచి మీ వాడకట్టు వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా పసుపు క్యాప్సూల్ ముట్టొద్దని చెప్పండి. విరేచనం నల్లగా అవుతున్నా, ముద్ద దిగకున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా కషాయమూ వద్దు, గోలీ వద్దు. ఆ రోజే పెద్ద దవాఖానకు తోలండి.