ఊరి ప్రణాళిక ఎవరు రాయాలి, ఎప్పుడు రాయాలి



కర్నూలులో ఉన్న మనం నంద్యాల రోడ్డు మీద పోతూ ఓర్వకల్లు రాళ్లను చూడడానికి ఆగుతాం. గ్రామీణాభివృద్ధి చదువుకున్నవాళ్లకు మాత్రం ఓర్వకల్లు పేరు వేరే కారణంగా తెలుసు. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకాన్ని అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో మూడు కరువు జిల్లాల్లో మొదలుపెట్టింది: కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్. ఓర్వకల్లు మండలం అందులో ఉంది. రూపాయి రూపాయి దాచుకున్న ఆడవాళ్లు మొదట ఊరి సంఘాలుగా, ఆపైన మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘంగా కూడారు.

పొదుపు, అప్పు, వడ్డీ సంగతులు మీకు తెలిసినవే, వాటిని వదిలేస్తాను. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది ఒకటుంది. తమ ఊరికి ఏది ముందు కావాలో, ఎవరికి ముందు కావాలో ఆ ఆడవాళ్లు తామే తేల్చారు. సీమ పల్లెల్లో అప్పటిదాకా ఆ పని రచ్చకట్ట మీద కూర్చున్న మగవాళ్లది, లేదంటే మండలాఫీసుది.

ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను. ఊరి నడుమ నేల మీద ముగ్గుపిండితో పటం గీస్తారు. వీధులు, బావి, బోరింగు, గుడి, ప్రతి ఇల్లూ అందులో ఉండాలి. తర్వాత ఒక్కో ఇంటి దగ్గరా ఆగి మాట్లాడతారు: ఇది నిరుపేద ఇల్లా, పేద ఇల్లా, మధ్యతరగతా, ఉన్నవాళ్లదా? ఆఫీసు కాగితంలో రెండెకరాలున్న మనిషి రైతు. పటం చుట్టూ కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ రెండెకరాలు గరుసు చేననీ, బోరు ఎండిపోయిందనీ, ఆ ఇంటి మగమనిషి మంచాన పడ్డాడనీ తెలుసు. ఎవరైనా ఉన్నది దాచి చెబితే పక్కింటామె ఊరుకోదు. 2000లో మొదలైన వెలుగు పథకం ఈ పద్ధతిని రాష్ట్రమంతా తీసుకెళ్లింది.

పొదుపు సంఘం లోపల కూడా ఇదే పని. పది పదిహేనుమంది కూర్చుని ఒక్కొక్క ఇంటి రాబడి, ఖర్చు, పాత అప్పు చెప్పుకుని సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకోవాలి. ఎవరి వంతు ముందో తీర్మానాల పుస్తకంలో ఎక్కించి సంతకాలు, వేలిముద్రలు వేయాలి. బ్యాంకు డబ్బు రాగానే అందరూ సమానంగా పంచేసుకున్న సంఘంలో ఈ మాటలు జరగలేదని అర్థం. పది ఇళ్ల అవసరాలు ఎక్కడా సమానంగా ఉండవు. ఈ సమాన పంపకం ఇప్పుడు మామూలైపోతోంది, అది నన్ను చాలా బాధపెడుతోంది.

ఇళ్లవారీగా మాట్లాడుకుంటే ఏమొస్తుందో బియ్యం అప్పు చూపించింది. కూలి లేని నెలల్లో అంగట్లో కొంచెం కొంచెంగా అరువు తెచ్చుకుంటే ధర ఎక్కువ, తూకం తక్కువ. ఏ ఇంటికి ఎన్ని కిలోలు కావాలో ఊరి సంఘం ముందే లెక్కేసి, మొత్తంగా కొని, సభ్యులకు అప్పుగా ఇచ్చేది. కూలి దొరికినప్పుడు విడతలుగా తీర్చేవారు. ఓర్వకల్లు సమాఖ్య బియ్యం దగ్గరా, అప్పుల దగ్గరా ఆగలేదు. పిల్లల కోసం బాలభారతి పాఠశాలను కూడా నెలకొల్పింది.

ఈ ఆలోచనకు వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లాలో అఖ్తర్ హమీద్ ఖాన్ 1959 నుంచి చేసిన పనిని ఆయన శిష్యుడు షోయబ్ సుల్తాన్ ఖాన్ 1982లో పాకిస్తాన్ కొండల్లోని గిల్గిట్‌కు తీసుకెళ్లారు. సంఘం కట్టుకోండి, పొదుపు చేసుకోండి, ఊరికి కావలసిన ఒక పనిని మీరే ఎంచుకోండి అని అక్కడి ఊళ్లకు చెప్పేవారు. మన జిల్లాలో మొదలైన ఐక్యరాజ్యసమితి పథకానికి సలహాదారు ఈ షోయబ్ సుల్తాన్ ఖానే. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక మన సీఆర్పీ (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్) అక్కలు ఇతర రాష్ట్రాలకు వెళ్లి సంఘాలు కట్టించారు. పల్లె దాటి ఎరగని మనిషి భాష తెలియని ఊరికి పోయి పాఠం చెప్పింది. ఆ సంగతి తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా సంఘాల వైపే ఉన్నాయి. సంఘాలు రాసే గ్రామ ప్రణాళికను పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కలపాలన్నది నియమం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, నెలల్లో. 2018 నుంచి ఈ ప్రణాళికల ప్రచారం సాధారణంగా అక్టోబరు 2న మొదలై కొన్ని నెలలు సాగుతోంది. కోసిగి, కౌతాళం వైపు వానలు మోసం చేసిన ఏడు, సరిగ్గా ఆ రోజుల్లోనే కుటుంబాలు సుగ్గికి బయల్దేరతాయి: పత్తి తీయడానికి, తర్వాత మిరప కోతలకు, గుంటూరు వైపు. ఎవరి కోసం ప్రణాళిక రాయాలో వాళ్ల ఇళ్లకే తాళాలు పడి ఉంటాయి. కడప జిల్లాలో దారి వేరు. అక్కడ ఇంటిపనికి కువైట్ పోయిన ఆడవాళ్ల ఇళ్లున్నాయి. ఏజెంటుకు కట్టిన డబ్బు అప్పుగా ఆ ఇంటి మీదే ఉంటుంది. సంఘం పుస్తకంలో ఆమె పేరు పక్కన గైరుహాజరు అని రాస్తే ఆ అప్పు ఎవరి లెక్కలోకీ రాదు.

అందుకని సమాఖ్య నాయకురాళ్లను, ఈ సభలో ఉన్న బ్యాంకు, పంచాయతీ ఉద్యోగులను నేను కోరేది ఇది. వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన వారంలోనే, ఊరు ఖాళీ కాకముందే, రాత్రి అన్నాలయ్యాక పటం గీయించండి. సుగ్గికి పోయే ఇళ్లను మొదట గుర్తించండి. వాళ్ల పిల్లలకు ఊళ్లో సీజనల్ హాస్టల్, వెనక మిగిలే ముసలివాళ్లకు రేషన్, తిరిగొచ్చాక ఉపాధి పని: వీటిని తీర్మానం మొదటి పేజీలో రాయించండి. గ్రామసభ జరిగేనాటికి వాళ్లు మిరప చేలల్లో ఉన్నా, ఊళ్లో ఉన్న సభ్యులు ఆ పేజీ చదివి పంచాయతీ ప్రణాళికలో ఎక్కించుకోగలరు.