పెద్దలు కాపాడిన దీవులు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కెనడాలో మా అమ్మాయి వద్ద ఉన్నప్పుడు హైదా గ్వాయి దీవులు చూసి వచ్చిన సంగతి చెప్పమని కార్యదర్శిగారు కోరారు. సమయం తక్కువ కనుక ముఖ్యమైన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ దీవులు కెనడా పడమటి తీరానికి ఆవల పసిఫిక్ మహాసముద్రంలో ఉన్నాయి. పూర్వం క్వీన్ షార్లెట్ దీవులనేవారు. 2010లో అధికారికంగా హైదా జాతివారి పేరే వచ్చింది. దక్షిణాన ఉన్న గ్వాయి హానస్ అభయారణ్యానికి రోడ్డు లేదు. పడవలోగానీ, నీటిపై దిగే విమానంలోగానీ వెళ్ళాలి.

మేము గైడు వెంట కయాక్‌లలో తిరిగాము. కయాక్ అంటే సన్నని పొడవాటి పడవ. నడుము దాకా లోపల కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడపాలి. ముందు నేను, వెనుక మా అల్లుడుగారు. శ్రమంతా ఆయనదే! ఇంజను చప్పుడు ఉండదు కనుక జంతువులు బెదరవు. బండలపై సీళ్ళు, చెట్ల కొసల తెల్లతల గద్దలు, ఒడ్డున పీతల కోసం రాళ్ళు దొర్లించే నల్ల ఎలుగుబంట్లు కనిపించాయి. అయినా తిమింగలానికి కనీసం 100 మీటర్ల దూరం పాటించాలి. పాత గ్రామాల వద్ద వేసవిలో హైదా కాపరులుంటారు. వారిని రేడియోలో అనుమతి అడిగి, ఒక్కసారికి 12 మందికి మించకుండా దిగాలి.

అక్కడ ఏన్షియంట్ మర్రెలెట్ అనే చిన్న సముద్రపక్షి నేలబొరియల్లో గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజుల పిల్లలు రాత్రివేళ, సముద్రం నుంచి తల్లిదండ్రులు పిలిచే పిలుపు విని, చీకట్లో నీటికి పరుగెత్తుతాయి. దీపాలు వేస్తే దారి తప్పుతాయి. ఓడలతో వచ్చిన ఎలుకలు వీటికి మరో శత్రువు.

ఈ అడవి ఊరికే మిగలలేదు. 1985లో లయల్ దీవిలో చెట్లు నరకడాన్ని ఆపడానికి హైదాలు దారికి అడ్డంగా కూర్చున్నారు. మొత్తం 72 మంది అరెస్టయ్యారు. అందరికంటే ముందు అరెస్టయినవారు మనవంటి వయసు మళ్ళిన పెద్దలు! 1987లో నరికివేత ఆగింది.

1993 ఒప్పందం మరీ విశేషం. భూమి మాదేనని హైదాల వాదన ఒకవైపు, ప్రభుత్వ వాదన రెండోవైపు, పక్కపక్కనే రాశారు. తగవు తగవుగానే ఉంచి, సంరక్షణ మాత్రం కలిసి చేద్దామని సంతకాలు చేశారు. తగవు తేలేదాకా ఫైలు పక్కన పెట్టడమే నా సర్వీసంతా నేను చూసిన పద్ధతి. చివరకు 2024లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఆ భూమిపై హైదాల హక్కును గుర్తించింది. అంటే 39 ఏళ్ళకు!

మిత్రులారా, రిటైరయ్యాక "ఇంక మనకెందుకు" అనడం తేలిక. మన ఊరి చెరువుకో, చెట్టుకో ఆపద వస్తే ముందు వరుసలో నిలబడడానికి మనకున్న తీరిక ఎవరికుంది? ఫలం మనం చూడకపోయినా మనుమలు చూస్తారు.