అక్షరం రాదా, లేక భాష రాదా?



ఒక బడిలో మూడో తరగతి పిల్లగాణ్ని చూసిన. సారు నీళ్ల బొమ్మ చూపించి ఇదేందిరా అంటే "ఏర్" అన్నడు. గోండిలో ఏర్ అంటే నీళ్లే. సారుకు గోండి రాదు. "తప్పు, కూసో" అన్నడు. ఆ పిల్లగానికి మొద్దు అని పేరు పడ్డది. ఇప్పుడు బడులల్ల కొత్త మాట వినబడుతున్నది: డిస్లెక్సియా. దీన్ని సరిగ్గ అర్థం చేసుకోకపోతే మన పిల్లలు రెండు విధాల నష్టపోతరు.

డిస్లెక్సియా అంటే తెలివి తక్కువ కాదు. మాటలోని శబ్దాలను విడదీసి, వాటిని అక్షరాలతో కలపడంలో వచ్చే ఇబ్బంది. 1896లో ఇంగ్లండ్ డాక్టర్ ప్రింగిల్ మోర్గాన్ 14 ఏండ్ల పిల్లవాని గురించి రాసిండు. లెక్కలు బాగ చేస్తడు, చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితోనే చెప్తే బడిలో వీడే చురుకైనోడని టీచరే అన్నడట. రాత్రంతా కిక్రి వాయిస్తూ నోటితోనే పురాణం చెప్పే పర్ధాన్ల నడుమ పెరిగిన మనకు ఈ మాట కొత్త కాదు.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పిండ్రు. అక్షరాలను కూడి పలకడం ఒకటి, ఆ భాష అర్థం కావడం ఇంకోటి. రెండిట్ల ఏది సున్నా అయినా జవాబు సున్నానే. డిస్లెక్సియా మొదటి దాన్ని దెబ్బ కొడుతది. మన పిల్లలకు ఎక్కువగా రెండోదే అడ్డం పడుతున్నది. ఇంట్ల ఆనిగెపుకాయ అనే కరీంనగర్ పిల్లకు పుస్తకంలో సొరకాయ కనబడితే ఒక మెట్టు ఎక్కాలె. ఉట్నూర్ దిక్కు గోండు, కొలాం పిల్లలకు భాషే వేరు. వాళ్లు ఎక్కాల్సింది మెట్టు కాదు, గుట్ట.

అట్లని మన పిల్లల్లో డిస్లెక్సియా లేదనుకోవద్దు. అది ఏ జాతి పిల్లలకైనా ఉంటది. అందుకే ముందు తల్లిభాషల అడగాలె. కథ చెప్పమంటే చక్కగ చెప్పి, తెలుగు పాఠం దగ్గర ఆగిపోతే, ముందు చూడాల్సింది భాష సంగతి. తల్లిభాషల మాటలను కూడా శబ్దాలుగా విడదీయలేక, మంచిగ నేర్పినంక కూడా అక్షరాల దగ్గర తడబడితే, అప్పుడు నిపుణులతో పరీక్ష చేయించాలె.

ఇది కొత్త ఆలోచన కాదు. జోడేఘాట్ పోరాటం తర్వాత, 1943లో హైమెన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చినయి. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గోండి, కోయ, కొలామి సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది.

చట్టం కూడా ఉన్నది. రాజ్యాంగం 350ఎ ప్రాథమిక దశలో తల్లిభాషల చదువుకు వసతి కల్పించాలంటది. 2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను గుర్తించింది.

చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవుల్లో ఊరికి పోయినప్పుడు బడి దిక్కు పోండ్రి. వెనకబడ్డడని చెప్పే పిల్లగాని పక్కన కూసోండ్రి. వాని భాషల ఒక కథ అడగుండ్రి. విన్నది సారుకు చెప్పుండ్రి. వానికి ఏం రాదో తేల్చే ముందు, వానికి ఏమొస్తదో వినే మనిషి ఒక్కరన్న ఉండాలె. అది మీరే కావాలె.

జై ఆదివాసీ!